నర్సన్న ప్యాంటుకు హలీమాబీ రఫూ

జగిత్యాలలో జరిగే రెట్రో పోటీకి ముందు నేను చేయవలసిన పనులు ఇవి. నోటుబుక్కులో రాసుకున్నవి రాసుకున్నట్టే పెడుతున్నాను.

ఒకటి: సిరిసిల్ల పోయి రచన వాళ్ల తాత నర్సన్న దగ్గర బెల్‌బాటం ప్యాంటు అడగాలి. ఇయ్యనంటే బతిమాలాలి.

రెండు: సత్యవ్వ పాత బట్టల మూట శనివారం ఆటో ఎక్కకముందే విప్పించి చూడాలి.

మూడు: చినిగినవన్నీ హలీమా ఖాలాకు రఫూకు ఇవ్వాలి.

నాలుగు: రచన జాకెట్టు చేతులు బుట్టల్లాగా నిలబడేటట్టు చూడాలి. రాకేశ్‌కు వెడల్పు బెల్టు.

అయిదు: అన్నీ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించాలి.

ఆరు: ఏ బట్ట ఎవరిది, ఎన్నేళ్లది అన్న ఫారం నింపాలి.

ఏడు: ప్రిన్సిపాల్ సారు సంతకం.

ఏడు పనులూ చేశాను. ఒక్కటీ వదలలేదు. వదిలి ఉంటే, అందులోనూ అయిదో పని ఎగ్గొట్టి ఉంటే, ఆ రోజు నిండు హాలులో మమ్మల్ని మోసగాళ్లు అనేవాళ్లు కాదు.

నా పేరు కృపారాణి. కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్సు చెబుతాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. అందుకే కావచ్చు, పెద్దవాళ్లు ఏ పని చెప్పినా కాదనడం నాకు చేతకాదు. ఓటరు నమోదు క్యాంపు, మొక్కలు నాటే వారం, పిల్లల బస్‌పాసుల దరఖాస్తులు, ఇట్లా పాఠాలు కాని పనులన్నీ నా బల్ల మీదికే వస్తాయి. నిరుడు డిసెంబరులో ఈ పోటీ కాగితం కూడా అట్లాగే వచ్చింది.

జగిత్యాలలో ఒక ఫ్యాషన్ డిజైన్ సంస్థ చుట్టుపక్కల డిగ్రీ కాలేజీలకు పెట్టిన పోటీ అది. పిల్లలు నలభై, యాభై ఏళ్ల కిందటి జనం లాగా తయారై వేదిక మీద నడవాలి. షరతు ఒక్కటే, కాని గట్టిది. వేసుకున్న ప్రతి బట్టా ఇరవై అయిదేళ్లు దాటినదై ఉండాలి. కొత్తగా కొన్నా, కొత్తగా కుట్టించినా ఆ జట్టును తీసేస్తారు.

మా ప్రిన్సిపాల్ విఠల్ సారు ఆ కాగితం నా ముందు పెట్టి, "మీ ఊర్ల దిక్కు పాత బట్టలు బాగనే దొర్కుతయి గదమ్మా, నువ్వే చూస్కో" అన్నారు. మాది పెగడపల్లి దగ్గర పల్లె. అక్కడ పాత బట్టలు ఎవరి ఒంటి మీద ఉంటాయని సారు అనుకున్నారో నాకు తెలుసు. కోపం వచ్చింది. వచ్చినా "సరే సార్" అనే అన్నాను.

పిల్లలు నలుగురు ముందుకొచ్చారు. అందులో హుషారైన రచన, రాకేశ్ వేదిక మీద నడవాలని, మిగతా ఇద్దరు సాయం చేయాలని అనుకున్నాం. రచన వాళ్ల తాత నర్సన్న సిరిసిల్లలో ఉంటాడు. ఒకప్పుడు భీవండి పోయి సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపి, తర్వాత సిరిసిల్లలోనే సాంచాల మీద నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. ఆయన పెట్టెలో పెండ్లినాటి బెల్‌బాటం ప్యాంటు ఉందని రచన చెబితే ఒక ఆదివారం బస్సెక్కి పోయాం. వక్కపొడి రంగు టెరికాట్ ప్యాంటు. మోకాలి దాకా ఒంటికి పట్టినట్టుండి, కింద గంప బోర్లించినట్టు విచ్చుకుంటుంది. ఎడమ మోకాలి దగ్గర రూపాయి బిళ్లంత ఎలుక కొరికిన రంధ్రం. గోడకున్న పెండ్లి ఫోటోలో నర్సన్న అదే ప్యాంటు వేసుకుని, కుర్చీ మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది అని కింద తెల్ల అక్షరాలు.

ఇవ్వడానికి ఆయన చాలాసేపు ఆలోచించాడు. చివరికి ప్యాంటు మడిచి మనుమరాలి చేతిలో కాకుండా నా చేతిలో పెట్టాడు. "నువ్వు సదువుకున్నదానివి. గీ ప్యాంటే మళ్ల నాకు రావాలె. గిసొంటిది ఇంకోటి కాదు, గిదే" అన్నాడు. తెస్తానని మాటిచ్చాను.

మిగతావి సత్యవ్వ మూటలో దొరికాయి. సత్యవ్వ స్టీలు గిన్నెల గంప నెత్తిన పెట్టుకుని కోరుట్ల వాడలన్నీ తిరుగుతుంది. ఇంటివాళ్లు పాత బట్టలు ఇస్తే గిన్నెలిస్తుంది. ఆ బట్టలను శనివారం శనివారం మూటగట్టి ఆటోలో పంపిస్తుంది. నేను పోయి బట్టలే కావాలని అడిగేసరికి ఆమెకు నవ్వాగలేదు. నా పుట్టుకల గిన్నె ఇచ్చి బట్టలు తీసుకపోయేటోళ్లను చూడలేదని, డిగ్రీ చదివితే గిట్లయితరా అని వాడంతా వినబడేటట్టు అన్నది. చివరికి మా ఇంటి నుండి రెండు స్టీలు డబ్బాలు తెచ్చిస్తేనే మూట విప్పింది.

మూటలో చేయి పెట్టి వెతకడం తేలికైన పని కాదు. పాతవన్నీ ఒక్క కాలానివి కావు. ఏది ఏ కాలానిదో తెలియడానికి నేను పిల్లల ఇళ్లల్లోని పెండ్లి ఫోటోలన్నీ ఫోనులో తీసుకుని పెట్టుకున్నాను. కాలర్ ఎంత పొడుగుంది, చేతులు ఎక్కడిదాకా ఉన్నాయి, చీర కుచ్చిళ్లు ఎట్లా పెట్టారు అని చూసుకుంటూ ఏరాను. రచనకు తెల్ల చుక్కల నైలెక్స్ చీర, దానికి సరిపోయే ఎర్ర బుట్టచేతుల జాకెట్టు దొరికాయి. రాకేశ్‌కు నర్సన్న ప్యాంటు మీదికి భుజాల దాకా పరుచుకునే కాలరున్న పసుపు చొక్కా దొరికింది. దానికి రెండు గుండీలు లేవు. అదే మూటలోని ఇంకో చిరిగిన చొక్కాకు ఆ కాలం గుండీలే ఉంటే కోసుకుని దీనికి కుట్టాను. కొత్త గుండీలు వేయొచ్చు, ఎవరూ పట్టించుకోరు. కాని షరతు షరతే.

ఇక చిరిగినవి. వాటికి హలీమాబీ తప్ప కోరుట్లలో ఇంకొకరు లేరు. అందరూ ఆమెను ఖాలా, అంటే చిన్నమ్మ అంటారు, నేనూ అంతే. బస్టాండు వెనుక గల్లీలో, ఇంటి ముందరి గద్దె మీద చాప వేసుకుని కూర్చుంటుంది. ఆమె భర్త పాషా రఫూ పని చేసేవాడు. ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన పోయిన తర్వాత పదకొండేళ్లుగా ఒక్కతే చేస్తున్నది.

రఫూ అంటే అతుకు కాదు. అతుకు వేస్తే అక్కడ చినిగిందని అందరికీ తెలుస్తుంది. రఫూ అంటే పోయిన పోగులను ఒక్కొక్కటిగా మళ్లీ నేయడం. ఖాలా ప్యాంటును తిరగేసి కాలి కింది అంచు, అంటే మోరీ కుట్టు విప్పింది. లోపలికి మడిచి కుట్టిన బట్టలోంచి సూదిమొనతో ఒక్కొక్క దారం లాగింది. ఆ దారంతోనే మోకాలి రంధ్రాన్ని పూడ్చడం మొదలుపెట్టింది. నా దగ్గర అదే రంగు దారపు ఉండ ఉందని చూపిస్తే చేత్తో కూడా ముట్టలేదు. "పరాయి దారం ఏస్తె రెండు ఉతుకులకు బయటవడ్తది బిడ్డా. దీని దారం దీనికే ఎయ్యాలె" అన్నది.

నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు పోతే ప్యాంటు నా చేతికిచ్చి, రంధ్రం ఎక్కడుండెనో చూపించమన్నది. ఎడమ మోకాలని తెలిసి కూడా నేను చూపించలేకపోయాను. వేలితో తడిమాను. ఏమీ తగల్లేదు.

ఫారంలో ఆమె పేరు రాస్తానన్నాను. నిజానికి ఫారంలో బట్ట ఎవరిది, ఎప్పటిది అని గళ్లున్నాయి కాని, బాగు చేసింది ఎవరు అనే గడి లేదు. పక్కన ఖాళీలో రాద్దామనుకున్నాను. ఆమె నవ్వింది.

"నా పేరెందుకు బిడ్డా? రఫూ ఖరాబైతె జనం అడుగుతరు, గిది ఎవలు చేసిండ్రని. మంచిగైతె ఎవ్వలడుగరు. మా ఆయినె నలభై ఏండ్లు చేసిండు. ఒక్కలు అడుగలె."

వద్దన్నది కదా అని నేను రాయలేదు. అది నా తప్పు.

ఇప్పుడు అయిదో పని సంగతి.

చిన్నప్పుడు నేను బడికి వేసుకుపోయిన గౌన్లలో ఒక్కటి కూడా నా కోసం కొన్నది కాదు. మా అమ్మ ఐలవ్వ ఎవరి పొలంలో కూలికి పోయేదో ఆ ఇంటి పిల్లల పాత గౌన్లు సంచిలో పెట్టి ఇచ్చేవాళ్లు. అమ్మ వాటిని వేడినీళ్లలో నానబెట్టి ఉతికేది. తెల్లవాటికి నీలిమందు పెట్టేది. అన్నం వార్చిన గంజిలో ముంచి ఆరేసేది. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి దానితో ఇస్త్రీ చేసేది. చిరుగు లోపలి వైపు పడేటట్టు నడుముకు రిబ్బను కట్టేది. బడిలో ఆ ఇంటి పిల్ల తన గౌనును గుర్తుపట్టొద్దని ఇదంతా. పాతదని తెలిసిపోతే మా పని అయిపోయినట్టే. పాత బట్ట మీద చేయగలిగిన పనంతా, అది పాతదని తెలియకుండా చేయడానికే. మాకు వేరే పద్ధతి తెలియదు.

కాబట్టి పోటీకి రెండు రోజుల ముందు నేను కూడా అదే చేశాను. చొక్కాకు, జాకెట్టుకు గంజి పెట్టాను. నైలెక్స్ చీర చల్లని నీళ్లలో మెల్లగా జాడించి నీడకు ఆరేశాను. ఇస్త్రీ బండి అతని పక్కనే నిలబడి, నర్సన్న ప్యాంటు మడత కత్తి లాగా వచ్చేదాకా తీయించాను. హలీమా ఖాలా చూసి, మా పాషా ఉంటే మెచ్చుకునేవాడని అన్నది. మాకు అందులో తప్పేమీ కనబడలేదు. పాత బట్టను శుభ్రంగా పెట్టడం తప్పెట్లా అవుతుంది?

పోటీ రోజు ఖాలా కూడా వస్తానన్నది. "ఇన్నేండ్లల్ల నేను చేసింది ఇస్త్రీ బండి దాక పోవుడు చూసిన గని, మనిషి ఏస్కొని నడువంగ చూడలె. ఒక్కసారి చూస్త బిడ్డా" అంటే, పిల్లలతో పాటు జగిత్యాల బస్సెక్కించాను. ఫంక్షన్ హాల్లో చివరి వరుసలో, కూలరు పక్కన కూర్చోబెట్టాను. దారిలో ఏ గుండీ ఊడుతుందోనని సూదులు, కత్తెర ఉన్న చిన్న గుడ్డసంచి కూడా తెచ్చుకుంది.

మా వంతు వచ్చింది. రచన రెండు జడలు, చేతిలో పుస్తకాలతో నడిచింది. రాకేశ్ జుట్టు పక్కకు దువ్వి, వెడల్పు బెల్టు పెట్టి, పెండ్లి ఫోటోలో నర్సన్న లాగానే కుర్చీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. హాలంతా ఈలలు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఖాలా లేచి నిలబడి ఉంది. రాకేశ్ ముఖం కాదు, మోకాలు చూస్తున్నది.

జడ్జీలు ముగ్గురు. పెద్దగా మాట్లాడింది శ్రీలత మేడం ఒక్కరే. ఆమెకు హైదరాబాదులో బట్టల దుకాణం ఉంది. ఆమె కట్టుకున్న చీర మీద కావాలని వేసిన అతుకులున్నాయి, రంగు దారాలతో పెద్ద పెద్ద కుట్లు. ఆమె రాకేశ్‌ను దగ్గరికి పిలిచి ప్యాంటు మడత పట్టుకుని చూసింది. మోకాళ్లు చూసింది. జాకెట్టు చేయి వేలితో మీటింది. తర్వాత మైకు ఆపకుండానే అన్నది.

"ఇది నలభై అయిదేళ్ల ప్యాంటా? మోకాళ్ల దగ్గర ఒక్క గీత లేదు. మొన్న కుట్టించినట్టుంది. ఇరవై ఏళ్లుగా ఈ ఫీల్డులో ఉన్నాను నేను. పల్లెటూరి కాలేజీ అని జాలిపడతాం కాని, అబద్ధం రాసిస్తే ఎలా?"

హాలంతా విన్నది. ముందు వరుసలో ఎవరో నవ్వారు. రచన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నేను పరుగెత్తి పోయి ఫోనులో నర్సన్న పెండ్లి ఫోటో చూపించాను. ఫోటో చూసి దర్జీతో అట్లాంటిదే కుట్టించవచ్చు కదా అన్నారు. రఫూ చేయించామని చెప్పాను. ఎక్కడో చూపించమన్నారు. నేను చూపించలేకపోయాను. చూపించలేనంత బాగా చేసిందని చెబితే వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పది నిమిషాల్లో నిర్వాహకులు ఒక కాగితం టైపు చేయించి తెచ్చారు. 'మా జట్టు పోటీకి కొత్తగా కుట్టించిన దుస్తులు వాడినట్టు ఒప్పుకుంటున్నాము. ఇందుకు చింతిస్తున్నాము.' దాని కింద నేను సంతకం పెడితే పిల్లలకు పాల్గొన్నట్టు సర్టిఫికెట్లు ఇస్తారట. పెట్టకపోతే జట్టు పేరే కొట్టేసి, రెండేళ్లు మా కాలేజీని రానివ్వరట.

విఠల్ సారు నన్ను పక్కకు తీసుకుపోయారు. ఆయన చెడ్డవారు కాదు. గొడవ ఎక్కడుంటే అక్కడ సంతకం పెట్టి బయటపడే మనిషి.

"ఒక్క సంతకం గదమ్మా. పిల్లలకు సర్టిఫికెట్లన్న అస్తయి. ఎవలకేం నష్టం?"

నేను చిన్నప్పటి నుండి సంతకాలు పెడుతూనే ఉన్నాను. హాస్టలు ఫారాల మీద, స్కాలర్‌షిప్పు కాగితాల మీద, చదవకుండానే ఎక్కడ పెట్టమంటే అక్కడ. పెన్ను కూడా చేతిలోకి తీసుకున్నాను. కాని ఈ కాగితం మీద సంతకం పెడితే దాని అర్థం ఏమిటి? నర్సన్న ప్యాంటు నర్సన్నది కాదని. నాలుగు రోజులు గద్దె మీద వంగి కూర్చున్న మనిషి ఏమీ చేయలేదని. ఆమె చేసిన పనిని అబద్ధమని నా చేత్తో రాసిచ్చినట్టే.

"ఆమెకు నష్టం సార్" అని, చివరి వరుసకు పోయి ఖాలాను తీసుకొచ్చాను.

నడుస్తూనే ఆమె ఏమంటున్నరు బిడ్డా అని అడిగింది. ప్యాంటు కొత్తదంటున్నారని చెప్పాను.

"కొత్తదంటున్నరా?" అన్నది. ముఖం వెలిగిపోయింది. జడ్జీల ముందుకు వచ్చి, ముగ్గురికీ సలాం పెట్టి, శుక్రియా కూడా చెప్పింది. రఫూ చేసినదాన్ని చూసి కొత్తదనడం కంటే పెద్ద మాట ఆమె ఎన్నడూ వినలేదు. దాని అర్థం అది కాదని, మనల్ని మోసగాళ్లంటున్నారని నేను చెవిలో చెప్పవలసి వచ్చింది. నా నోటితో నేను చెప్పిన మాటల్లో అంత కష్టమైనది ఇంకొకటి లేదు.

ఆ నవ్వు మెల్లగా పోయింది. ప్యాంటు అడిగింది. రాకేశ్ పరదా వెనక్కి పోయి ఆటల నిక్కరు మీద తిరిగొచ్చి, ప్యాంటు ఆమె చేతికిచ్చాడు. ఎవరూ నవ్వలేదు. ఆమె గుడ్డసంచిలోంచి కత్తెర తీసి, ఎడమ కాలు మోరీ కుట్టు విప్పింది. లోపలి మడత బయటికి తీసి దీపం కేసి పట్టింది. బయట బట్ట చిక్కగా ఉంది. ఆ మడత మాత్రం జల్లెడ లాగా ఉంది, దారాలు లాగేసిన చోటల్లా సన్నని వెలుతురు గీతలు.

"ఈడికెల్లి తీసి మోకాలుకు ఏసిన. లెక్కవెట్టుకోండ్రి. కొత్త బట్టకైతె ఈడ పోగులెందుకు పోతయి?" అన్నది.

ముగ్గురు జడ్జీలలో ఒకాయన చేనేత తెలిసినవాడు. ఆయన ఆ మడతను చాలాసేపు చూసి, ఫోను దీపం మోకాలి మీద వేసి, లోపలి వైపు నుండి చూసి, అవును ఇక్కడే అన్నాడు. ఆయన వేలు పెట్టిన చోటు సరిగ్గా ఎలుక కొరికిన చోటే.

అక్కడితో అయిపోవలసింది. మాకు ప్రైజు అక్కర్లేదు. తప్పయింది, మీ బట్టలు పాతవే అని అదే మైకులో అంటే చాలు. శ్రీలత మేడం ఆ మాట అనలేదు. సరే, పాతదే కావచ్చు, కాని పాతదనం కనబడాలి, అదే కదా రెట్రో అందం, మీరు ఇస్త్రీ చేసి, చిరుగు దాచేసి, దాని క్యారెక్టర్ చంపేశారు అన్నది. ఈసారి మైకు పక్కన పెట్టి అన్నది.

ఖాలాకు క్యారెక్టరన్న మాట తెలియదు. చిరుగు కనబడితేనే అందమంటున్నారని నేను చెప్పాను. ఆమె శ్రీలత మేడం చీర మీది అతుకులను చూసింది. కొంగు అంచు చేతిలోకి తీసుకుని, ఒక పెద్ద కుట్టు మీద బొటనవేలు పెట్టి చూసింది.

"ఇది చినుగకముందె కుట్టిండ్రు" అని నాతో మెల్లగా అన్నది. తర్వాత ఆమెతోనే అన్నది. "చినిగింది కనవడాల్నంటె మీకు సోకు గావచ్చమ్మా. మా తాన తెచ్చేటోళ్లు గది కనవడొద్దని ఏడ్చుకుంట తెస్తరు."

నిర్వాహకులు మైకు అందుకున్నారు. టీ బ్రేకన్నారు.

బట్టలు పాతవని తేలినా కాగితం అట్లాగే ఉంది. మా జట్టును తీసేసినట్టు కంప్యూటర్‌లో ఎక్కించేశామని, ఇప్పుడు మార్చడం కుదరదని, ఆ సంతకమేదో పెడితే సర్టిఫికెట్లు తీసుకుపోవచ్చని నిర్వాహకులు మళ్లీ అదే అన్నారు. అబద్ధం అని తెలిసిన తర్వాత కూడా దాని మీద సంతకం కావాలి వాళ్లకు. విఠల్ సారు నా వైపు చూడకుండా, కానియ్యమ్మా, బస్సు టైమయితుంది అన్నారు.

పిల్లలను అడిగాను. సర్టిఫికెట్లు వాళ్లవి, నావి కావు కదా. రచన తల అడ్డంగా ఊపింది. రాకేశ్ నిక్కరు మీదే నిలబడి, "గా కాగితం మనకెందుకు మేడం? మా ఇంట్ల గోడకు జాగ లేదు" అన్నాడు.

నేను పెన్ను తీసుకుని టైపు చేసిన రెండు వాక్యాలూ కొట్టేశాను. కింద ఇట్లా రాశాను: 'ఈ బట్టలన్నీ పాతవి. ప్యాంటు సిరిసిల్ల నర్సన్నది, 1979. దీనికి రఫూ చేసింది కోరుట్ల హలీమాబీ. ఇది నిజం.' దాని కింద సంతకం పెట్టాను. చదివి పెట్టిన సంతకం.

మొదటి ప్రైజు ఏ కాలేజీకి వచ్చిందో పేరు రాయను. వాళ్ల పిల్లలందరి ప్యాంట్లూ మోకాళ్ల దగ్గర చిరిగి, రంగు వెలిసి ఉన్నాయి. ప్రైజు తీసుకోవడానికి ఒక పిల్లవాడు వంగినప్పుడు కాలరు లోపల ధర చీటీ కట్టే ప్లాస్టిక్ దారం కనబడింది. నేను చూశాను. రాకేశ్ కూడా చూశాడు. మమ్మల్ని రుజువు అడిగినట్టు వాళ్లను ఎవరూ అడగలేదు. శుభ్రంగా ఉంటే అనుమానం, చిరిగి ఉంటే నమ్మకం. బీదవాళ్లు బీదవాళ్ల లాగా కనబడకపోతే ఈ లోకానికి కోపమెందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరుగు బస్సులో ఖాలా కిటికీ పక్కన కూర్చుని, విప్పిన మోరీని మళ్లీ కుట్టింది. గుంతలు వచ్చినప్పుడల్లా సూది పైకెత్తి ఆగి, మళ్లీ దించింది. రేపో మాపో పెద్దమనిషికి ఇచ్చేది కదా, ఇప్పినట్టు తెల్వొద్దు అన్నది. కోరుట్ల బస్టాండులో దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఆగింది.

"నా పేరు రాసినవా బిడ్డా?"

"రాసిన ఖాలా."

"తెలుగులనా?"

"తెలుగులనే."

తల ఊపి గల్లీలోకి పోయింది.

మరుసటి ఆదివారం ప్యాంటు తీసుకుని సిరిసిల్ల పోయాను. నర్సన్న కళ్లద్దాలు పెట్టుకుని విప్పి చూశాడు. ఎడమ మోకాలు చూశాడు. కుడి మోకాలు చూశాడు. ముఖం మారింది. "నేనేమన్న? గిదే ప్యాంటు తెమ్మన్న గదా. నాదాన్కి ఎలుక కొట్టింది. గిది నాది గాదు" అన్నాడు. ఒక్క క్షణం నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. నడుము పట్టీ తిరగేసి చూపించాను. భీవండి దర్జీ నల్లదారంతో కుట్టిన అంకె అక్కడే ఉంది. ఆయన దాన్ని వేలితో రాసి చూసుకున్నాడు. మళ్లీ మోకాలి దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్లు బట్ట నేసిన మనిషి, పోగును పోగుగా చూడగలిగిన మనిషి, తల ఎత్తి నన్ను అడిగాడు.

"ఎవలు చేసిండ్రు బిడ్డా?"

ఖాలా చెప్పింది తప్పని ఆ రోజు తెలిసింది. మంచిగా చేస్తే కూడా అడిగేవాళ్లున్నారు. కాకపోతే అడగవలసిన చోట కూర్చుని లేరు.

తర్వాత విఠల్ సారు నాకు మెమో ఇచ్చారు, కాలేజీ పేరుకు నష్టం కలిగించావు, సంజాయిషీ ఇవ్వమని. ఇచ్చాను. జూన్‌లో నన్ను మళ్లీ తీసుకుంటారో లేదో తెలియదు. నోటీసు బోర్డు మీద ఆ పోటీ సంగతే లేదు. నేను రాసిచ్చిన కాగితం జగిత్యాలలో ఏ చెత్తబుట్టలో పడిందో కూడా తెలియదు. అందుకే ఇదంతా మళ్లీ ఇక్కడ రాశాను. ఫారంలో గడి లేదని నేనొకసారి వదిలేసిన పేరు ఒక్కచోటైనా అచ్చులో ఉండాలి.

ఈ కథలో మిగతా పేర్లు మీరు మరిచిపోయినా ఫరవాలేదు, నాదైనా సరే. కోరుట్ల బస్టాండు వెనుక గల్లీలో గద్దె మీద చాప వేసుకుని కూర్చునే షేక్ హలీమాబీని గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో ఎప్పుడో చిరిగిన బట్ట ఏదైనా ఉండి, ఎక్కడ చిరిగిందో ఇప్పుడు మీకు దొరకకపోతే, అది ఎవరు చేశారో ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కసారి అడగండి.